పుల్లల పోలీసు రాసిన ఖాళీ

ఎండుపుల్ల ఏరినా పట్టుకుంటాడని చుట్టుపక్కల రైతులు ఆయనకు పుల్లల పోలీసు అని పేరు పెట్టారు. అసలు ఉద్యోగం జాతీయ పార్కులో ఫారెస్టు గార్డు. పార్కంటే పులులో ఏనుగులో ఉంటాయనుకునేరు. గోధుమ చేల మధ్య మిగిలిపోయిన నాలుగు వందల ఎకరాల చెట్లు, అంతే. ఒకప్పుడు ఆ ప్రాంతమంతా ఆ బూడిదరంగు బెరడు చెట్లేనట. మిగిలినవన్నీ ముసలివి. పశువులు మేసీ మేసీ కింద పిల్ల మొక్కన్నదే లేకుండా పోయింది. ఇవి కూలితే ఆ జాతి కథ ముగిసినట్టే.

పశువులు రాకుండా కంచె వేసిన పదిహేనేళ్లకు, ఒక ఉదయం బూటు లేసు కట్టుకోవడానికి వంగినప్పుడు గడ్డిలో ఆ చెట్టుదే వేలెడంత పిల్ల మొక్క కనిపించింది. పక్కనే ఇంకొకటి. సాయంత్రానికి యాభై మూడు తేలాయి. ఆయన సంబరం చూసి భార్య, “మనవడు పుట్టినప్పుడు కూడా ఇంత పొంగిపోలేదు మీరు,” అంది.

అక్కడే పెద్దమనిషి ఒక తెలివి చూపించాడు. నెలవారీ నివేదికలో మొక్కలున్నాయని రాస్తే పైవాళ్లు ఊరుకుంటారా? జీపుల్లో వస్తారు, ఫొటోలంటారు, బూట్లతో తొక్కుతారు. అందుకని ఆ చోటుకు ఎదురుగా ‘ఖాళీ’ అని రాశాడు. ఒక నెల కాదు, ఆరేళ్లు. ఆరేళ్లకూ మొక్కలు జానెడు దాటలేదు. ఆ జాతి నెమ్మది అలాంటిది. గడ్డిలో కలిసిపోయి ఇంకొకరి కంటికి ఆనవు.

మొక్కలు నాటే కార్యక్రమానికి చోటు వెతుకుతూ కొత్త రేంజర్ మేడమ్ పాత ఫైళ్లు తిరగేసింది. గురువారం ఐదు వందల నర్సరీ మొక్కలు, వందమంది వాలంటీర్లు, అంతా ఆ ఖాళీలోనే అని కబురొచ్చింది. పుల్లల పోలీసు ఆఫీసుకు పరుగెత్తాడు.

“అక్కడ వద్దు మేడమ్. పిల్ల మొక్కలున్నాయి.”

“ఖాళీ అని రాసింది మీరే కదా?”

“కావాలనే రాశాను. వాటిని కాపాడదామని.”

ఆమె ఫైలు మూసింది. “అంటే ఆరేళ్లు తప్పుడు నివేదికలిచ్చారన్నమాట. కంచే చేను మేసినట్టుంది. సరే, ఆ ముక్కే రాసివ్వండి, పైకి పంపుతాను.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాస్తే ఉద్యోగానికే ఎసరు, రిటైర్మెంటు పద్నాలుగు నెలల్లో ఉంది. రాయకపోతే మొక్కలు దక్కవు. రాసిచ్చాడు.

ఆఫీసు కాగితాలు కదలవని ఎవరన్నారో గానీ, సస్పెన్షను ఉత్తర్వు మర్నాటికే వచ్చింది. మొక్కల సంగతి మాత్రం వేరే విభాగం చూడాలట, పదిహేను రోజులు పడుతుందట. ఆయనకు ఒళ్లు మండిపోయింది. ఆ మంట సగం ఆఫీసు మీద, సగం తన అతితెలివి మీద.

“ఇంక మీకేం పని అక్కడ?” అని భార్య అంటూనే ఉంది. గురువారం యూనిఫాం లేకుండా వాలంటీర్ల వరుసలో నిలబడి లోపలికి వెళ్లాడు. మనిషికో గునపం, ఐదేసి గోతులు. “కింద చూసి తవ్వండి, అవి మామూలు మొక్కలు కావు,” అని కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. “గడ్డే కదండీ,” అని నవ్వారు. తన ఐదు గోతుల చోటును ఆ మొక్కల నడుమే ఎంచుకుని, ఒక్కదానికీ దెబ్బ తగలకుండా వంకరటింకరగా తవ్వసాగాడు.

తాడు పట్టుకుని సూపర్‌వైజరు వచ్చాడు. “ఇదేంటి పెద్దాయనా, గోతులు వరుసలో ఉండొద్దూ? తాడు వెంబడి తవ్వండి.”

తాడు సరిగ్గా పిల్ల మొక్కల మీదుగా సాగింది. పక్కనున్నతను గునపం ఎత్తాడు. పుల్లల పోలీసు తన గునపం కింద పడేసి, మొక్కలు తన కాళ్ల మధ్యకు వచ్చేలా నేలమీద కూలబడ్డాడు.

“ఎండదెబ్బ తగిలిందా?”

“లేదు. ఇక్కడ కూర్చుంటాను.”

“ఎంతసేపు?”

“మీరంతా వెళ్లేదాకా.”

సూపర్‌వైజరు విసుక్కుని, ఆయన్ను వదిలేసి చుట్టూ తవ్వుకుపొమ్మని మిగతావాళ్లకు చెప్పాడు. ఒక్క మనిషి కాళ్లు బారజాపి కూర్చుంటే ఎంత చోటు కాస్తాడు? ఏడు మొక్కలు. మిగతా నలభై ఆరూ ఆయన కళ్లముందే మట్టిలో కలిసిపోయాయి.