గాలి అన్న మాట

మొన్న ఆదివారం మా ఆడబిడ్డ వచ్చి, చెప్పులు విప్పకముందే మా అమ్మాయి గదివైపు తొంగిచూసి, "వదినే, పిల్లకు గాలి సోకినట్టుంది, ఖానాపూర్ అవతల ఒకాయన ఉన్నడట, వచ్చే అమాసకు తీస్కపోదాం" అన్నది. ఆమె చెడ్డ మనిషేమీ కాదు, మా పిల్ల పుట్టినప్పుడు నాకు పథ్యం వండిపెట్టిన చేతులవి. కాని పోయిన నెల ఆమె కొడుకు పెళ్ళి బరాత్‌లో డీజే పెట్టెలు మోగగానే పాతికేళ్ళు దాటిన మా అమ్మాయి నడిరోడ్డు మీద చెవులు మూసుకుని కూలబడి కేకలు పెట్టింది, అది మంచిర్యాల సగం చూసింది, అప్పటినుంచి చుట్టాల నోళ్ళు మూతపడలేదు. నాకు భయం వేసింది ఆమె మాటకు కాదు. పక్కనే కూర్చున్న మా ఆయన దానికి కాదనకుండా పేపరు మడిచి, "ఒక్కసారి పోయొస్తే ఏం పోతది" అన్నారే, ఆ మాటకు.

సరిగ్గా అదే మాట, అదే గొంతుతో, నా చిన్నతనంలో మా అవ్వ నోట, అంటే మా అమ్మ నోట, విన్నాను.

మేం బొగ్గు గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్ళం, గనిని మావైపు బాయి అంటారు. మీలో అలాంటి లైన్లలో పెరిగినవాళ్ళుంటే ఆ షిఫ్టు సైరన్ ఇప్పటికీ కడుపులో మోగుతూనే ఉంటుంది. మా బాపు, మా నాన్న, బాయిలో సర్దార్. అంటే కార్మికులకన్నా ముందు లోపలికి పోయి, కప్పు ఎట్లా ఉంది, గాలి ఎట్లా ఉంది అని చూసి, సరే అన్నాకనే మిగతావాళ్ళను రానిచ్చే మనిషి. గాలి చూడడానికి ఆయన దగ్గర గాజు చిమ్నీ, ఇనుప జాలీ ఉన్న చిన్న దీపం ఉండేదట. ఇంట్లో కరెంటు పోయి కందిలి వెలిగించినప్పుడల్లా ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ సంగతి చెప్పేవాడు, నేను ఎన్నిసార్లు అడిగినా విసుక్కోకుండా చెప్పేవాడు. "గాలి చెడితే దీపం సన్నగైతది బిడ్డా, ఇంక చెడితే ఆరిపోతది. దీపం ఆరినకాడ మనిషి నిలువద్దు." ఊళ్ళో పిల్లలకు రాజుల కథలు, నాకు ఈ దీపం కథ.

ఇక ఇంట్లోనూ లైన్లోనూ నా మీద ఇంకో కథ నడుస్తుండేది. పిలిస్తే పలికేదాన్ని కాదు, పప్పు అన్నానికి తగిలితే పళ్ళెం తోసేసేదాన్ని, సైరన్ మోగితే మంచం కిందికి దూరేదాన్ని, గుమ్మం ముందు అందరి చెప్పులూ జతలు జతలుగా పేర్చేదాన్ని, ఎవరైనా కదిలిస్తే గొంతు పోయేదాకా ఏడ్చేదాన్ని. అది చూసి ఖానాపూర్‌లో ఉండే మా పెద్దవ్వ, అంటే అవ్వకు అక్క, వచ్చినప్పుడల్లా నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "గీ పిల్లకు గాలి సోకిందే" అని నిట్టూర్చేది.

పెద్దవాళ్ళు ఆ మాటను ఏ అర్థంలో అంటారో మీకు తెలుసు. నాకు తెలియదు. మాటను మాటగానే తీసుకునే బుద్ధి నాది, ఇప్పటికీ అంతే, అందుకు ఎన్నిసార్లు నవ్వులపాలయ్యానో చెప్పలేను. నాకు తెలిసిన గాలి ఒక్కటే, బాపు దీపాన్ని ఆర్పే గాలి. అది ఎట్లనో బాయిలోనుంచి వచ్చి నాలో దూరిందనుకున్నాను. అప్పటినుంచి కందిలి వెలిగిస్తే గోడకు ఆనుకుని నిలబడి, మూతికి అరచేయి అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగపట్టేదాన్ని. దీపం ఆరితే అక్కడ మనుషులు నిలువకూడదు కదా, మరి అవ్వ ఉంది, బాపు ఉన్నాడు, కాక ఉన్నాడు. వాళ్ళను కాపాడుతున్నానన్నమాట. ఇది ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే నోరు తెరవాలి.

కాక అంటే బాపు తమ్ముడు. మాతోనే ఉండేవాడు, అదే బాయిలో పని, ఇల్లంతా అతని నవ్వే. నన్ను చూస్తే ఎత్తి గాల్లోకి ఎగరెయ్యకుండా పోయేవాడు కాదు. ఎవరు ముట్టుకున్నా ముడుచుకుపోయే నేను కాక ముట్టుకుంటే మాత్రం ఊరుకునేదాన్ని, ఎందుకో అడక్కండి. ఒక పొద్దున మొదటి షిఫ్టుకు పోతూ నన్ను ఎత్తుకున్నాడు, నేను చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచి, అతని ముఖం మీదే పకపకా నవ్వాను. ఆ రోజు కాక మూసేసిన పాత గ్యాలరీ సొరంగంలోకి ఏదో సామాను కోసం పోయాడట. బాపు దీపం పట్టి గాలి చూడని చోటు అది. సైరన్ వేళగాని వేళ మోగింది. మా గుమ్మం ముందు ఆడవాళ్ళు మూగారు, వాళ్ళలో ఎవరో అన్నారు, "గాలి పట్టి పోయిండు."

నేను విన్నాను. ఇంక మాట్లాడలేదు. మాట్లాడకపోవడం అంటే మూతి ముడుచుకోవడం కాదు, ఎవరివైపు తిరిగీ ఊపిరి వదలకపోవడం, నిద్రలో కూడా గోడవైపే పడుకోవడం. అన్నం తినడం తగ్గింది. అవ్వ భయపడింది, పెద్దవ్వ "నేను చెప్పలేదా" అన్నది. ఏ పూజకూ పునస్కారానికీ సరే అనని బాపు, తమ్ముడు పోయిన దుఃఖంలో ఉలకలేదు పలకలేదు, అవ్వే "ఒక్కపాలి పోయొస్తె ఏం పోతది" అని బస్సెక్కించింది.

ఖానాపూర్ దాటాక మట్టిరోడ్డు, పత్తి చేన్ల మధ్య ఒక రేకుల కొట్టం. పట్టపగలే లోపల పొగ. ఎండు మిరపకాయలు నిప్పుల మీద పోసి నా తల దాని మీదికి వంచారు. వేపమండలు వీపు మీద పడుతున్నాయి, జుట్టు ఎవరి చేతిలోనో ఉంది. "ఎవలు నువ్వు? పేరు చెప్పు" అని మంత్రగాడు అరుస్తున్నాడు. అడిగినదానికి జవాబు చెప్పాలని నాకు తెలుసు, అన్నాళ్ళ తర్వాత మొదటిసారి నోరు తెరిచి నా పేరు చెప్పాను. దెబ్బ పడింది. బడిలో చెప్పినట్టు ఇంటిపేరు కూడా కలిపి చెప్పాను. ఇంకా గట్టిగా పడింది. "అది గాదు! ఎవల గాలి ఇది?" అన్నాడాయన. అప్పుడు నాకు ప్రశ్న అర్థమైందనుకున్నాను. నా గాలి ఎవరిని పట్టిందో అడుగుతున్నారు, వీళ్ళకు తెలిసిపోయింది. కాక పేరు చెప్పాను.

దెబ్బలు ఆగిపోయాయి. అవ్వ గుండెలు బాదుకుని, "నా మరిది, నా మరిది" అంటూ నా కాళ్ళ మీద పడింది. నా కాళ్ళ మీద! ఆయన కాకను తిట్టి, పొమ్మని ఉమ్మి, నా మెడకు తాయత్తు కట్టాడు. కాక నాలోనుంచి వెళ్ళిపోయాడని ఇంటికి వచ్చాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఒకసారి పోయినవాణ్ణి నేను రెండోసారి పంపించేశాననుకుని నేను మాత్రం చాలా ఏళ్ళు పీల్చుకోలేదు. బాపు ఆ తాయత్తును చూసేవాడు, ఇంక దీపం కథ మాత్రం చెప్పలేదు.

తర్వాతి సంగతులు మామూలువే. మాటలు వచ్చాయి, నలుగురిలో ఎప్పుడు నవ్వాలో చూసి నేర్చుకున్నాను, పెళ్ళికి ముందు కొన్నాళ్ళు బాయి పైన దీపాల గదిలో పని కూడా చేశాను. అప్పటికి అన్నీ టోపీకి పెట్టుకునే బ్యాటరీ దీపాలు. మంట లేని దీపాలు కనుక అక్కడ హాయిగా ఊపిరి పీల్చేదాన్ని. ఒక్క దీపం తన కొక్కేనికి తిరిగి రాకపోయినా ఇంటికి కదిలేదాన్ని కాదు. మా ఆయన అది తెలిసే నన్ను చేసుకున్నారు, "మా ఇంట్లో రూలుకర్ర ఉంది" అని చుట్టాలకు చెప్పి నవ్వేవారు, నేనూ నవ్వేదాన్ని.

మా అమ్మాయిని పెద్దయ్యాక గాని కరీంనగర్‌లో సరైన డాక్టరమ్మకు చూపించలేదు. ఆమె అడిగే ప్రతిదానికీ, చెవులు మూసుకుంటుంది, ఒకే మాట వందసార్లు అడుగుతుంది అని చెబుతూ, ఇందులో వింతేముంది, అందరం అంతే కదా అన్నాను. ఆమె పెన్ను కింద పెట్టి, "అందరూ అట్ల ఉండరమ్మా, మీ చిన్నప్పటిది చెప్పండి" అన్నది. కొన్ని నెలలు పోయివచ్చాక తల్లీకూతుళ్ళిద్దరికీ ఒకటే పేరు చెప్పింది, ఆటిజం. యాభై దాటాక అట్లా నాకు నేను తెలిశాను. ఆ రోజు తిరుగుబస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను, అది సంతోషమే, కాని రేకుల కొట్టంలో వంగిన ఆ చిన్న తలను తలుచుకుంటే కోపం కూడా. ఇక మా ఇంట్లో గాలి అన్న ఆ మాటకు చోటు లేదనుకున్నాను.

నిన్న సాయంత్రం కరెంటు పోయింది. నేను కొవ్వొత్తి వెలిగించి బల్ల మీద పెట్టాను. మా అమ్మాయి లేచి, వెనక్కి వెనక్కి నడిచి, గోడకు ఆనుకుని, మూతికి అరచేయి అడ్డం పెట్టుకుంది.

దానికి నేనెప్పుడూ నా చిన్నప్పటి భయం చెప్పలేదు. చెప్పింది బాపు దీపం కథ. చిన్నప్పుడు అది అన్నం తినాలంటే ఆ కథే కావాలి, ఇప్పటికీ అడుగుతుంది, నేను బాపు మాటల్లోనే చెబుతాను. ఆ కథ నేనిచ్చాను, గాలి సోకిందన్న మిగతా మాట ఆదివారం దాని గది ముందే మా ఆడబిడ్డ ఇచ్చింది. చెయ్యి తియ్యకుండానే అది, "అమ్మా, ఇటు రాకు. దీపం ఆరుతది" అన్నది.

కొవ్వొత్తి దాని దగ్గరికి తీసుకుపోయి, చూడు ఆరలేదు, ఇది ఆ గాలి కాదు అని ఎంతో చెప్పాను. నాకు ఎవరూ చెయ్యనిది చేశాను. అది నా మాట నమ్మాలనే చూసింది, కాని ఊపిరి వదల్లేదు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఆయనకు రేకుల కొట్టం సంగతి, నేను ఎవరి పేరు చెప్పానో అదీ, అంతా చెప్పాను. ఆయన విన్నారు. అంతలో చేతిలో ఫోను మోగింది, ఆడబిడ్డే, జీపు మాట్లాడడానికి. ఆయన ఎత్తలేదు, కట్ చెయ్యనూ లేదు. మోగి మోగి అదే ఆగిపోయింది.

బాపు బాయి ఎప్పుడో మూతపడింది, దాని సైరన్ లేదు, ఆ లైన్లు కూల్చేశారు, ఖానాపూర్ అవతలి మట్టిరోడ్డు ఇప్పుడు నల్లటి తారురోడ్డట, కారులోనే గుమ్మందాకా పోవచ్చట. మాకు మా పేరు దొరికింది, చెప్పుకోవడానికి డాక్టరు ఉంది. ఇన్ని మారాయి గాని, ఆ మాట అట్లాగే ఉంది, పక్కనున్న మనిషి మౌనం అట్లాగే ఉంది. అమావాస్య ఎల్లుండి. పొద్దున్నుంచి మా అమ్మాయి ఏమీ తినలేదు. నేను ఏ గదిలోకి పోయినా అది నాకు దూరంగా జరిగి, నన్ను కాపాడుతోంది.