మస్తాన్ మాస్టారు స్పీడుగా తోలలేదు

నిన్న మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేసి, "మస్తాన్ మాస్టారు చనిపోయారంట" అన్నారు.

"ఛీ, ఏం మాటలండీ అవి! పొద్దున్నేగా ఆయన దగ్గర టీ తాగాను" అని కసిరాను.

మళ్ళీ చెప్పారు. కారు అడ్డం తిరిగి వేపచెట్టుకి కొట్టుకుందంట. డ్రైవర్ వైపే.

ఇప్పుడు ఇంటర్నెట్ సెంటర్‌లో కూర్చుని ఇది టైప్ చేస్తున్నాను. ఒకటే కోపం.

నిన్నటి నుంచి మన ఊరి గ్రూప్‌లో మీరు రాసేవన్నీ చదువుతున్నా. "డ్రైవింగ్ స్కూల్ మాస్టారే ర్యాష్ డ్రైవింగా?" అని ఒకడు. పక్కన నవ్వు బొమ్మ కూడా.

సిగ్గుందా? చిలకలూరిపేటలో మీలో సగం మందికి క్లచ్ ఏదో బ్రేక్ ఏదో చూపించింది ఆయనే కదా.

నేను నేర్చుకునే రోజుల్లో మా నాన్న కారుకి ఒక జబ్బుండేది. వాన పడితే చాలు, మలుపుల్లో వెనక భాగం పక్కకి జారేది. నాన్న షాక్ అబ్జార్బర్లు మార్పించారు, నిమ్మకాయలు కట్టించారు. తగ్గలేదు.

మాస్టారు కారు చుట్టూ ఒక రౌండ్ తిరిగి, "మీ కల్లం ఖాళీగా ఉందా?" అని అడిగారు.

మిరపకాయలు ఎత్తేసిన కల్లం, గట్టిగా చదునుగా ఉంది. దాని మీద నీళ్ళు కొట్టించి, నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, గుండ్రంగా తిప్పమన్నారు. సగం తిరిగానో లేదో, వెనక భాగం సర్రున ముందుకి వచ్చేసింది. నేను కెవ్వున అరిచాను. గట్టు మీద నుంచి నాన్న, "కాయలు ఆరబోసే చోట ఈ సర్కస్ ఏందయ్యా!" అని ఒకటే కేకలు.

మాస్టారు ఆయన్ని పట్టించుకుంటేగా! ముందున్న కొత్త టైర్లు విప్పి వెనక్కి, వెనకున్న అరిగినవి ముందుకి వేయించారు. మళ్ళీ తిప్పమన్నారు. ఈసారి కారు కాస్త వెడల్పుగా తిరిగిందే గానీ వెనక భాగం కదల్లేదు.

"చూశావా అమ్మా? ముందు టైరు జారితే నీకు తెలిసిద్ది, కాలు తీస్తావు, కారు దారికొచ్చిద్ది. వెనకది జారితే తెలిసేలోపే అడ్డం తిరిగుంటావు. కొత్తవి ఎప్పుడూ వెనకే."

మన వైపు అందరం చేసే తప్పే ఇది. రెండు టైర్లే కొంటాం, రెండూ ముందు వేయిస్తాం. ఇంజను ముందుంది కదా, స్టీరింగ్ ముందుంది కదా అని.

ఇప్పుడు అసలు సంగతి.

నిన్నటి కారు మాస్టారిది కాదు. మా బాబాయ్‌ది. నాన్నకి పెదనాన్న కొడుకు. ఆయన కొడుకు ఈ గ్రూప్‌లోనే ఉన్నాడు. చదువు తమ్ముడూ, నీకోసమే రాస్తున్నా, మీ నాన్నకీ వినిపించు.

పోయిన నెల బాబాయ్ "వెనక ఊగుతోంది" అంటూ ఆ కారుని మాస్టారికి చూపించాడు. ముందువి కొత్తవి, వెనకవి అరిగిపోయినవి. మార్చమన్నారు. "స్టీరింగ్ ముందుంటే కొత్తవి వెనకెందుకు?" అని బాబాయ్ ఒకటే నవ్వు. మా ఇంటికొచ్చి చెప్పి మరీ నవ్వాడు.

నిన్న పొద్దున మా తోటికోడలిని డ్రైవింగ్‌లో చేర్పించడానికి స్కూల్‌కి వెళ్ళాను. టీ తాగుతుంటే మాస్టారికి బాబాయ్ ఫోన్. పత్తి చేలో పురుగుమందు కొడుతూ కూలీ కోటయ్య పడిపోయాడు, నోట్లో నురగ. అంబులెన్స్ వేరే ఊరు పోయింది. వాన మొదలైంది. బాబాయ్ గొంతు మీకు తెలుసుగా, ప్రతి మాటా నాకు వినపడింది.

"వాన మాస్టారూ! వెనక ఊగిద్ది, నాకు భయం. నువ్వైతే పట్టుకోగలవు, బండేసుకుని రా!"

విన్నారా? కారు సంగతి బాబాయ్‌కి తెలుసు. తను ఎక్కడానికి భయపడిన కారు అది.

"అప్పుడే చెప్తే విన్నావా నువ్వు!" అని మాస్టారు చెడామడా తిట్టారు. అదే నోటితో, "వస్తన్నా, కోటయ్యని వెనక సీట్లో పడుకోబెట్టు" అన్నారు. "టీ తాగుతా ఉండమ్మా, వచ్చేస్తా" అని నాతో చెప్పి, స్కూల్ కారు రిపేర్లో ఉంటే బైక్ తీశారు.

ఊరి మలుపులో ట్రాక్టర్ చేలోంచి లాక్కొచ్చిన నల్లమట్టి. పైన వాన. కోటయ్యతో వస్తుంటే అక్కడే కారు జారింది.

సాయంత్రం హాస్పిటల్‌కి వెళ్ళాను. దారిన పోయే ఆటోవాళ్ళు చేర్చారంట, కోటయ్య బతికాడు. పక్కన తలకి కట్టుతో వాళ్ళావిడ. ఆమె కూడా కారులోనే ఉంది. బాబాయ్ మాత్రం ఎక్కలేదు.

"మెల్లగానే తోలారమ్మా" అంది ఆమె. "తొందరగా పొమ్మని నేనే మొత్తుకున్నా. 'ఈ కారుతో తొందర కుదరదమ్మా, ఏడవమాక, తీసుకుపోతా' అన్నారు."

మరి బాబాయ్ స్టేషన్‌లో ఏం చెప్పాడు? "నా కారు బంగారం, ఆయనే స్పీడుగా పోయాడు" అని!

స్పీడుగా పోయి చచ్చిన మాస్టారి స్కూల్లో రేపు ఎవడు చేరతాడు? ఆయన భార్య షమీమ్ అక్క, ఇద్దరు పిల్లలు ఆ స్కూల్ మీదే బతకాలి. ఆ ఒక్క అబద్ధంతో వాళ్ళ కూడు తీసేశాడు.

"మనవాళ్ళమ్మా, ఊరుకో" అంటున్నారు నాన్న. ఊరుకోను. నాకు బండి నేర్పిన మనిషి మనవాడు కాకపోతే, ఈయన ఎట్లా మనవాడయ్యాడు?

కారు స్టేషన్ ముందే ఉంది. వెళ్ళి వెనక టైర్ల మీద చెయ్యి పెట్టి చూడండి, అరచెయ్యిలా నున్నగా ఉన్నాయి. ముందువాటికి కొత్త టైరు మీదుండే రబ్బరు వెంట్రుకలు కూడా ఊడలేదు.

బాబాయ్, రేపు పొద్దున స్టేషన్‌కి వెళ్తున్నా. ఫోన్‌లో నువ్వన్న మాట అన్నట్టుగా చెప్తా. ఈలోపు నువ్వే చెప్పుకుంటే నీకే మర్యాద.

మిగతావాళ్ళు దండలేసిన ఫోటోలు తర్వాత పెడుదురు గానీ, ముందు వెళ్ళి మీ కారు వెనక టైర్లు చూసుకోండి.

మాస్టారూ, నిన్న టీ చల్లారిపోయేదాకా కూర్చున్నాను.

మీ పేరు సంగతి నేను చూసుకుంటా. ఇంక ఎవరి మీదా అరవక్కర్లేదు. మీ అల్లా దగ్గర చల్లగా, నిశ్చింతగా ఉండండి.