నల్ల బ్యారెల్, తెల్ల బ్యారెల్

కాగితం మీద పడ్డ చిల్లులు కొలవడం నా ఉద్యోగం. డెబ్బైల మొదట్లో, ఫిజిక్సు చదివి కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నాకు ఒక ప్రభుత్వ పరీక్షా కేంద్రంలో దొరికిన మొదటి ఉద్యోగమది. పొద్దున్నే నగరం నుంచి రైల్లో వచ్చి లింగంపల్లిలో దిగితే, ఆఫీసు జీపు కొండాపూర్ దాటించి గచ్చిబౌలి వైపు బండల మధ్యకు తీసుకుపోయేది. అక్కడొక రేకుల షెడ్డు, దాని ముందు పొడవాటి మైదానం, చివర మట్టిదిబ్బ, దానికి ఆనించి టార్గెట్ కాగితాలు. ఆ చోట ఆడదాన్ని నేనొక్కదాన్నే.

ఆ ఏడు మాకు అప్పగించిన పని ఇది. ఒకే రకం రైఫిళ్లు రెండు. తూటాలు ఒకటే, దూరం ఒకటే, బిగించే ఇనుప స్టాండు ఒకటే. బ్యారెళ్లు మాత్రం వేరు. ఒకటి మామూలు తుపాకీ ఉక్కుతో చేసి నల్లరంగు పట్టించింది. రెండోది స్టెయిన్‌లెస్ స్టీలుది. మేం వాటిని నల్లది, తెల్లది అనేవాళ్లం. నెలల తరబడి కాలిస్తే ఏది ముందు అరుగుతుంది, ఏది గుళ్లను ఒకే చోట పడేస్తూ ఉంటుంది అన్నది తేల్చాలి. రోజుకు కొన్నిసార్లు ఐదేసి గుళ్లు కాల్చేవారు. ఆ ఐదు చిల్లుల మధ్య దూరం నేను కొలిచి రాసేదాన్ని.

రైఫిళ్ల బాగోగులు చూసేది మేస్త్రీ. శేరిలింగంపల్లి పక్క ఊరాయన, యాభై దాటినవాడు. తుపాకుల మరమ్మతులో తల నెరిసింది. ఇంగ్లీషు రాదు. తెల్ల బ్యారెల్ పెట్టెలోంచి తీసిన రోజే దాన్ని గోటితో కొట్టి చూసి పెదవి విరిచాడు.

"గిది గిన్నెల స్టీలు బిడ్డా. పప్పు వండుకోనీకె మంచిగుంటది. నిప్పు ముంగట ఎన్నొద్దులు నిలబడ్తది?"

మొదటి వారాల్లో తెల్లదే బాగా చేసింది. ఐదు చిల్లుల మీద పావలా బిళ్ల పెడితే కనిపించకుండా పోయేవి. నల్లది కాస్త వెనకబడింది. ఆ కాగితాలు చూపించినప్పుడల్లా మేస్త్రీ బీడీ వెలిగించుకుని బయటికి పోయేవాడు. నా అనుమానం అక్కడ మొదలైంది.

అప్పట్లో ఊళ్లో ప్రత్యేక రాష్ట్రం గొడవలు సద్దుమణిగాయని అనేవారే గాని, నోరు తెరిచి రెండు మాటలంటే చాలు, "మీదే జిల్లా?" అని అడిగేవారు. నేనద్దెకున్న ఇంటావిడ మా వైపు మనిషే. "అక్కడి వాళ్లతో జాగ్రత్తమ్మా. మన పని చెడగొట్టేదాకా నిద్రపోరు" అని రోజూ టిఫిను డబ్బాతో పాటు ఆ మాట కూడా చేతిలో పెట్టి పంపేది. నేను ఆ మాట నమ్మలేదనుకునేదాన్ని. కానీ మేస్త్రీని గమనించడం మొదలుపెట్టాను. తెల్లదాన్ని తుడిచేటప్పుడు ఎప్పుడూ నా వైపు వీపు పెట్టి కూర్చుంటాడు. తెల్లది ఓడిపోవడానికి ఏదో చేస్తున్నాడని నాకు రూఢి అయిపోయింది.

మధ్యాహ్నం ఆయన అన్నానికి సైకిలు మీద ఇంటికి పోయేవాడు. ఆ గంటలో నేను తెల్లదాన్ని తీసి మళ్లీ శుభ్రం చేయడం మొదలుపెట్టాను. ఆయన లోపల ఇసుకో, మరేదో వదిలి ఉంటే పోతుందని నా ఆలోచన. అలమారలో ఉన్న ఇనుప కడ్డీకి గుడ్డ చుట్టి, నూనెలో తడిపి, ముందు వైపు మూతిలోంచి దూర్చి, లాగి, మళ్లీ దూర్చేదాన్ని. నల్లది ముట్టుకునేదాన్ని కాదు. దాని మీద నాకు అనుమానం లేదు కదా. కొన్నాళ్లకు మేస్త్రీ అన్నం తిని రాగానే నూనె సీసాను పైకెత్తి వెలుగులో చూడడం, బీడీకట్ట కాగితం మీద పెన్సిలుతో ఏవో గీతలు పెట్టుకుని జేబులో దాచుకోవడం చూసి నా అనుమానం ఇంకా గట్టిపడింది.

నెల తిరిగేసరికి తెల్లదాని గుళ్లు చెదరడం మొదలైంది. పావలా బిళ్ల చాలలేదు. తర్వాత అరచెయ్యి పెట్టినా ఒకటో రెండో చిల్లులు బయటే ఉండేవి. నేను అనుకున్నంతా అయింది. కాగితాలన్నీ తీసుకుని మా ఆఫీసరు గదికి వెళ్లాను. ఆయనా మా జిల్లాల వైపు మనిషే.

"మేస్త్రీ ఏదో చేస్తున్నాడండి. తెల్లదంటే ఆయనకు గిట్టదు."

"కళ్లారా చూశావామ్మా?"

"చూడలేదండి. కానీ ఆయన తప్ప దాన్ని ముట్టుకునేవాళ్లు లేరు."

నా నోటితో నేనే అన్న ఆ మాట అబద్ధమని ఆ క్షణాన నాకు తట్టనైనా తట్టలేదు. నేను ముట్టుకోవడం నా లెక్కలో ముట్టుకోవడం కాదు.

మూడోరోజు మేస్త్రీని స్టోరు గేటు దగ్గర కాపలాకి వేశారు. వెళ్లేముందు షెడ్డులోకి వచ్చి ఒక పొడవాటి ఇత్తడి కడ్డీ నా బల్ల మీద పెట్టాడు.

"ఎవరు ఏం చెప్పిన్రో నాకెర్కలేదు బిడ్డా. గీ కడ్డీతోనే తుడువున్రి. ఇనుపది వద్దు."

ఆయన ఇచ్చిన వస్తువని దాన్ని మూలన పడేశాను. ఇక రెండు బ్యారెళ్లూ నేనే తుడిచేదాన్ని, ఆ ఇనుప కడ్డీతోనే.

తెల్లది బాగుపడలేదు. మూడు వారాలకు నల్లది కూడా చెదరసాగింది. మొదట తూటాల పెట్టె మీద అనుమానపడ్డాను. ట్రిగ్గర్ నొక్కే మాజీ సిపాయి మీద అనుమానపడ్డాను. మేస్త్రీ గేటు దగ్గర్నుంచి ఎవరితోనైనా చేయిస్తున్నాడేమోనని కూడా అనుకున్నాను. తోచినవాళ్లందరూ అయిపోయాక భూతద్దం తీసుకుని రెండు బ్యారెళ్ల మూతులూ చూశాను. గుండు బయటికొచ్చే ఆ అంచు చుట్టూ ఒకేలా, పదునుగా ఉండాలి, లేకపోతే గుండు దారి తప్పుతుంది. రెండింటికీ కుడివైపు అంచు అరిగి నున్నబడి ఉంది. కడ్డీ పట్టుకుని, దూర్చినట్టు ఊరికే చెయ్యి ఆడించి చూసుకున్నాను. నా చెయ్యి ప్రతిసారీ కుడికే ఒరిగింది.

తెల్లదాన్ని గుడ్డలో చుట్టుకుని గేటు దగ్గరికి నడిచాను. మేస్త్రీ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. బ్యారెల్ మూతి మీద వేలు ఒక్కసారి తిప్పి నా మొహంలోకి చూశాడు.

"ముంగటికెల్లి దూర్చినవా?"

"అవును మేస్త్రీగారూ."

"ఇనుప కడ్డీతోని?"

"అవును."

"ఎన్కకెల్లి దూర్చాలె బిడ్డా. బోల్టు తీసి, ఇత్తడి కడ్డీతోని. గీడ దుమ్ముంటది, గుడ్డకంటితే ఆకురాయి లెక్క గీకుతది. మూతి పోతే ఏ ఉక్కైనా గంతే, నల్లదైనా తెల్లదైనా."

తుపాకీని వెనక వైపు మూసి ఉంచే ఆ బోల్టు తీయడం నాకు రాదు. అడగడానికి అహం అడ్డొచ్చిందో, అనుమానం అడ్డొచ్చిందో చెప్పలేను. ఆయన జేబులోంచి నలిగిన బీడీకట్ట కాగితం తీశాడు.

"ఇగ చూడు. నేను తిని వచ్చేసరికి నూనె తగ్గుతుండె. తగ్గిన దినమల్లా ఓ గీత పెట్టిన. నువ్వే ముడుతున్నవని నాకెర్కే. తెల్లదాన్ని గెలిపియ్యనీకె ఏదో మందు పెడుతున్నవనుకున్న."

"మరి ఆఫీసరుగారికి చెప్పలేదేం?"

"సారు మీ దిక్కాయన, నువ్వు మీ దిక్కు పిల్లవు. నా మాట ఎవరింటరు?"

అక్కడి నుంచి తిన్నగా ఆఫీసరు గదికి వెళ్లి, మధ్యాహ్నాలు నేను చేసిందంతా చెప్పాను. ఆయన బ్యారెల్ మూతిని వెలుగుకు తిప్పి చూశాడు.

"నువ్వు చెప్పావని ఆ పెద్దమనిషిని గేటుకి పంపాను. చూశావా అని ఒక్కసారి అడిగి ఊరుకున్నాను. నాదీ తప్పేనమ్మా" అన్నాడు. నాకు మెమో ఇచ్చాడు. పాడైన వారాల కొలతలన్నీ కొట్టివేయించాడు. మర్నాడే మేస్త్రీ షెడ్డుకి తిరిగొచ్చాడు.

రెండు బ్యారెళ్ల మూతులూ లేతు మీద కాస్త కోసి, అంచు కొత్తగా తీశారు. మళ్లీ కాల్చగానే తెల్లదాని చిల్లులు పావలా బిళ్ల కిందికి వచ్చేశాయి. మేస్త్రీ ఆ కాగితాన్ని ఎండకు పట్టి చూసి, "గిన్నెల స్టీలే, కానీ మంచి గిన్నె" అన్నాడు. బోల్టు తీయడం నేర్పించాడు. అయినా నేను తుడుస్తున్నంతసేపూ పక్కనే నిలబడి చూసేవాడు.

వానాకాలం దాటేదాకా కాల్చాం. రెండు రోజులు తుడవకపోతే నల్లదానికి లోపల తుప్పు చుక్కలు పడేవి. తెల్లదానికి ఆ బెడద తక్కువ. తూటా బ్యారెల్‌లోకి దూరే చోట మంటకి ఏ ఉక్కయినా కాలి పగుళ్లు తేలుతుంది. తెల్లది అక్కడ నిదానంగా పాడైంది. గురిలో రెండింటికీ కొత్తలో పెద్ద తేడా లేదు. గురిని ఎక్కువ కాలం నిలుపుకున్నది తెల్లది. ఈ ఫలితాలతో పాటు, కొన్ని వారాల కొలతలు పరిశీలకురాలు బ్యారెళ్లను తప్పుగా శుభ్రం చేయడం వల్ల పాడయ్యాయని కూడా రిపోర్టులో రాశాను. ఆఫీసరు ఆ వాక్యం కొట్టేయలేదు.

టైపు కొట్టిన రిపోర్టు వచ్చిన రోజు మేస్త్రీ నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"నా మీద ఏమన్న రాసిన్రా బిడ్డా?"

ఆ పేజీ తీసి తెలుగులో చదివి చెప్పాను. తప్పు నాదని రాసిన వాక్యం రెండుసార్లు చదివాను. తల ఊపి, "ఒక్కసారి ఇస్తవా?" అని కాగితం తీసుకున్నాడు. కిటికీలోంచి చూస్తే, ఎదురు గదిలో గుమస్తా ముందు నిలబడి అదే పేజీ మళ్లీ చదివించుకుంటున్నాడు. తిరిగొచ్చి దాన్ని జాగ్రత్తగా నా ముందు పెట్టాడు.

"గట్లనే ఉన్నది" అన్నాడు.