తిరిగి పలికిన అంకెలు

దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. ఇది చదివి మీరు నమ్మాలని కూడా అడగను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మాది కోదాడ. నైజాం పాలన ముగిసిన మరుసటి ఏడు, సెలవుకు ఇంటికి వచ్చిన మా అన్న సూర్యాపేట దవాఖానలో టైఫాయిడ్‌తో పోయాడు.

అన్నా నేనూ దూరాన ఒక నగరంలో భౌతికశాస్త్ర ప్రయోగశాలలో పనిచేసేవాళ్లం. దాని పేరు ఇక్కడ అవసరం లేదు. హైడ్రోజన్ కేంద్రకాన్ని ప్రోటాన్ అంటారు. ప్రోటాన్లను అధిక వోల్టేజీతో తరిమి, పలుచని అల్యూమినియం రేకుకు తగిలేలా చేసేవాళ్లం. కొన్ని వేగాల దగ్గర మాత్రమే అల్యూమినియం కేంద్రకం ప్రోటాన్‌ను బాగా పట్టుకుంటుంది. అలా పట్టుకున్నప్పుడు గామా కిరణాలు వదులుతుంది. వోల్టేజీని మెట్టుమెట్టుగా పెంచుతూ, ఒక్కో మెట్టు దగ్గర నిమిషంలో ఎన్ని వచ్చాయో గైగర్ గొట్టంతో లెక్కించడం మా పని.

అన్నకొక నియమం ఉండేది. ఒకరు అంకె చదవాలి. రెండోవారు దాన్ని తిరిగి పలికి, ఆ తర్వాతే రాయాలి. తిరిగి పలకని అంకె రాయకూడదు. కొలతలు రాసే పుస్తకంలో ప్రతి పేజీ పైన రెండు పేర్లుండేవి: చదివినవారు, పలికినవారు.

ఆ సెలవుకు ముందు అన్న ఒక కొత్త వోల్టేజీ దగ్గర అంకెలు ఎగసి మళ్లీ పడిపోవడం చూశాడు. ప్రయోగశాల నడిపే ఆచార్యుడు ఒప్పుకోలేదు. రేకు మీద ఫ్లోరిన్ మరక ఉండి ఉంటుందని, అది కూడా గామా కిరణాలిస్తుందని ఆయన అనుమానం. మా జిల్లా నీళ్లలో ఫ్లోరిన్ ఎక్కువ. దానివల్ల అన్న పళ్ల మీద గోధుమరంగు చారలుండేవి.

"మీ ఊరి బావినీళ్లతో కడిగావేమిటయ్యా ఆ రేకుని?" అన్నాడొక సహోద్యోగి. అందరూ నవ్వారు. అన్న కూడా నోరు మూసుకునే నవ్వాడు. తర్వాత నాతో, "సెలవు నుంచి వచ్చినంక కొత్త రేకు పెట్టి మళ్ల చేద్దాం తమ్మీ" అన్నాడు.

ఆ కొలత మళ్లీ చేయకపోతే ఆచార్యుడు దాన్ని మేం రాస్తున్న వ్యాసంలోంచి కొట్టేస్తాడు. అన్న చివరి పని ఒక మరకగా మిగిలిపోతుంది. దినాలు కాగానే వెళ్లి నేనే చేయాలని నిశ్చయించుకున్నాను.

బయలుదేరే ముందు రోజు పొద్దున అమ్మ వసారాలో కూర్చుని, మిర్యాలగూడ నుంచి మేనమామ పంపిన బియ్యంలో రాళ్లు ఏరుతోంది. పక్కనే నేను అన్న పాత కొలతల పుస్తకం తిరగేస్తున్నాను. అమ్మ ఏదో అంటోంది. ఒక అంకె, కాసేపు ఆగి ఇంకొకటి. చేతిలో పెన్సిల్ ఉంది. అలవాటు కొద్దీ చివరి పేజీలో రాసుకున్నాను.

పద్దెనిమిది. ఇరవై ఒకటి. పందొమ్మిది. ఇరవై ఆరు. నలభై ఏడు. "కాదు, నలభై ఒకటి." అరవై మూడు. యాభై ఎనిమిది. ముప్పై. ఇరవై రెండు. పదిహేడు.

అమ్మకు చదువు రాదు. ఇరవై దాటితే 'ఇరవై మీద ఒకటి' అని లెక్కపెట్టే మనిషి.

"ఏందమ్మా లెక్కపెడుతున్నవ్?"

"నేనేం లెక్కవెడ్త? పెద్దోడు పలుకుమన్నడు. పలికిన."

"ఎప్పుడు?"

"గిప్పుడే. గట్ల సూస్తవేందిరా? పెద్ద సదువు సదివినవ్, ఇంక తానం చెయ్యకపోతివి. పో, నీళ్లు కాగినయ్."

దుఃఖం అనుకున్నాను. ఆ పుస్తకాన్ని అన్న చొక్కాలతో పాటు ఇంట్లోని పెట్టెలోనే పెట్టి వెళ్లిపోయాను.

ప్రయోగశాలలో కొత్త రేకును చేత్తో ముట్టకుండా శుభ్రం చేశాను. నాతో కూర్చోవాల్సినతను ఆ రోజు జ్వరంతో రాలేదు. యంత్రం నడిపేవాళ్లు గోడ అవతల ఉన్నారు. వాయిదా వేయాల్సింది. వేయలేదు. మొదటిసారి అన్న నియమం తప్పాను. అలవాటు కొద్దీ పైకే, తెలుగులోనే చదువుతూ నేనే రాసుకున్నాను. పది మెట్లు. అయిదో మెట్టు దగ్గర లెక్క చూపే అంకెల చక్రంలో ఒకటిని ఏడుగా చూసి, కొట్టేసి దిద్దాను.

అంకెలు అన్న చెప్పిన చోటే ఎగసి పడ్డాయి. మర్నాడు ఇంకొక సహోద్యోగిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ చేశాను. ఎగసిన చోటు మారలేదు. అంకెలు మాత్రం వేరే వచ్చాయి. ఎప్పుడూ అంతే. ఏ కేంద్రకం ఏ క్షణాన కిరణం వదులుతుందో ముందుగా చెప్పడం ఎవరివల్లా కాదు. ఆచార్యుడు ఒప్పుకున్నాడు. వ్యాసంలో అన్న పేరు మొదట వేశారు.

ఎండాకాలం ఇంటికొచ్చినప్పుడు అన్న చొక్కాలు ఎవరికైనా ఇద్దామని పెట్టె తెరిచాను. పాత పుస్తకం చివరి పేజీని, నా వెంట తెచ్చుకున్న కొత్త పుస్తకంలో మొదటి రోజు పేజీని పక్కపక్కన పెట్టి చూశాను. పది అంకెలూ అవే. అదే వరస. కొట్టేసిన నలభై ఏడుతో సహా.

అమ్మనడిగాను. ఆమెకు గుర్తు లేదు.

వరసగా పది అంకెలు కాకతాళీయంగా కలిసే అవకాశం ఎంతో లెక్క కట్టడం నాకు వచ్చు. కట్టాను కూడా. అది జవాబు కాదు.

కొత్త పుస్తకంలోని ఆ పేజీ పైన 'చదివినవారు' అన్నచోట నా పేరుంది. 'పలికినవారు' అన్నచోట ఖాళీగా వదిలాను. ఆ సాయంత్రం అక్కడ 'అమ్మ' అని రాశాను.