నేను చెక్కిన పిడి మీద సైకిలు ట్యూబు

నేను చెక్కిన విల్లు పిడిని నాకు చెప్పకుండా లప్పంతో పూడ్చేశారు. పైన పాత సైకిలు ట్యూబు చుట్టేశారు. చేసినవాళ్ళు ఇద్దరే. ఒకరు కోచ్, ఇంకొకరు ఆ విల్లు వాడే అమ్మాయి. ఎందుకు చేశారని అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పారు. అది అన్యాయమని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

రాష్ట్రం విడిపోయిన మరుసటి వేసవిలో నన్ను పిడుగురాళ్ల నుంచి అద్దంకి దగ్గర్లోని ఒక విలువిద్య శిక్షణ కేంద్రానికి బదిలీ చేశారు. పిడుగురాళ్లలో నేను ఒక వృత్తి శిక్షణ కేంద్రంలో వడ్రంగం నేర్పేవాణ్ణి. కొత్తచోట నా హోదా వర్క్‌షాపు అసిస్టెంటు. అటెండరు కంటే ఒక మెట్టు పైన, కోచ్ కంటే చాలా మెట్లు కింద. విరిగిన కుర్చీ దగ్గర్నుంచి బాణాలు గుచ్చుకునే గడ్డి పలక దాకా మరమ్మతంతా నాదే. విల్లు అనేదాన్ని అంతకుముందు నేను చేత్తో ముట్టుకోలేదు. దానికేం, ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, పాత పేపర్ల కొట్లో డ్రాయింగు పుస్తకాలు కొనుక్కుని నక్షాలు గీయడం నేర్చుకున్నాను. విల్లు ఒక లెక్కా అనుకున్నాను.

అక్కడి పిల్లలు వాడేది టీవీలో కనిపించే లోహపు విల్లు కాదు. మన పాత పద్ధతి వెదురు విల్లు. మధ్యలో చెక్క దిమ్మ ఉంటుంది, దానికి పైనొకటి కిందొకటి వెదురు బద్దలు బిగిస్తారు. ఆ దిమ్మ నడుమ చేత్తో పట్టుకునే చోటే పిడి. కుడిచేతివాటం వాళ్ళు ఎడంచేత్తో పిడిని ముందుకు నెట్టి, కుడిచేత్తో నారిని వెనక్కి లాగుతారు. ఆ విళ్ళన్నీ ఒకే కొలతలో వచ్చేవి. మగపిల్లల చేతులకు తగ్గట్టు లావుగా, అంచులు తేలి ఉండేవి.

సలోమి చెయ్యి చిన్నది. తొమ్మిదో తరగతి చదువుతుండేది. తండ్రి లేడు. తల్లి మరియమ్మ అద్దంకి అవతల పల్లెలో మిరప కోతలకు, పత్తి తీతలకు కూలికి వెళ్ళేది. ఆ పిల్ల బొటనవేలి మొదట్లో పిడి అంచు ఒత్తుకుని బొబ్బ లేచేది. అది చితికేది, మళ్ళీ లేచేది. గుడ్డ చుట్టుకుని బాణాలు వేసేది. పిల్లలుండేది కేంద్రం హాస్టల్లోనే. అక్కడ కొనసాగాలంటే ఏడాది చివర ఒక పరీక్ష ఉండేది. దూరంగా పెట్టిన గురికి బాణాలు వేసి, కేంద్రం నిర్ణయించిన మార్కు తెచ్చుకోవాలి. రానివాళ్ళు సామాను సర్దుకోవాలి. సలోమి మార్కు అంచునే ఊగుతూ ఉండేది.

ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చిన మరియమ్మ, కూతురి చెయ్యి చూసుకుని నా దగ్గరికొచ్చింది.

"అయ్యగారూ, కాయ కోసి కోసి నా చేతులు ఎట్టాగూ మండిపోయినయ్యి. దాని చెయ్యన్నా బాగుండాలని ఇక్కడ పడేశాను. ఇక్కడా ఇదేనా? పిల్ల వెనక్కొస్తే కళ్ళంలో కూర్చుని తాలుకాయ ఏరుకోవటవే. ఇక్కడుంటే పదో తరగతి రాసిద్ది."

ఆ మాట విన్నాక ఊరుకోబుద్ధి కాలేదు. కోచ్ సుధాకర్ గారిని అనుమతి అడిగాను. ఆట సామాను రూపం మార్చాలంటే కోచ్ ఒప్పుకోవాలి, అది అక్కడి పద్ధతి. ఆయన మంచివాడే, చిన్న గొంతు మనిషి. ఎవరినీ నొప్పించడం ఇష్టం ఉండదు. "చెక్క వరకు మీ ఇష్టం మేస్త్రీ గారూ, వెదురు జోలికి మాత్రం పోవద్దు," అన్నారు. సరేనన్నాను. వెదురు బద్ద మీద ఒక గీత పడినా విల్లు లాగినప్పుడు అక్కడే చీలుతుంది. ఆమాత్రం నాకూ తెలుసు.

ముందు నారి తీసి విల్లును దించాను. బిగించి ఉన్న విల్లు మీద ఉలి పెట్టకూడదు. పాత తోలు పట్టీ ఊడదీసి, దిమ్మ మీద తడిపిన బంకమట్టి పొర వేసి సలోమిని పిలిచాను. మట్టిలో పడ్డ ముద్రనుబట్టి చెక్కుదామని నా ఆలోచన. ఆ పిల్ల వచ్చి పట్టీ పట్టనట్టు పట్టుకుంది. వేళ్ళు మట్టికి తగలనే లేదు.

"ఏమ్మా, పిల్లికూనను పట్టుకున్నావా? వరికోతలో కొడవలి ఇట్టాగే పట్టుకుంటావా?" అన్నాను.

"కొడవలైతే గట్టిగా పట్టుకుంటానండి."

"మరట్టాగే పట్టుకో."

పట్టుకుంది. నాలుగు వేళ్ళూ చక్కగా దిగాయి. అరచేతి ముద్ర అచ్చుపోసినట్టు పడింది. పార, గొడ్డలి, కొడవలి, ఏ పనిముట్టుకైనా మా నాన్న పిడి కొలత తీసే పద్ధతి అదే. పిడికిలి బిగిస్తే లోపల సందు మిగలకూడదు.

ఆకురాయితో అంచులు చంపాను. ముద్ర ప్రకారం వేళ్ళకు గాళ్ళు తీశాను. అరచెయ్యి బోలుగా ఉన్నచోట రంపపు పొట్టు జిగురులో కలిపి లప్పం పెట్టి, ఎండనిచ్చి, గాజుపెంకుతో గీకి, ఇసుక కాగితం వేశాను. సలోమి చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"నా చేతిలోనే మొలిచినట్టుందండి మాస్టారూ!"

బొబ్బ మానింది. దగ్గర గురికి బాణాలన్నీ ఒకేచోట పడ్డాయి. దాన్ని వాళ్ళు గ్రూపింగు అంటారు. బాణాలు ఎంత దగ్గర దగ్గరగా దిగితే అంత మంచి గ్రూపింగు. మిగతా పిల్లలు నా షెడ్డు ముందు చేరి "నాకూ మాస్టారూ, నాకూ" అని గోల. సుధాకర్ గారు మాత్రం, "ఆగండిరా, ముందు ఈ అమ్మాయి సంగతి తేలనివ్వండి," అన్నారు. ఏం తేలాలో నాకు అర్థం కాలేదు. తేలిపోయింది కదా!

తరవాత గురిని దూరం జరిపారు. బాణాలు ఎడమకు పోవడం మొదలైంది. అన్నీ పోతే అదొక లెక్క. ఒకటి నడిమధ్యన దిగేది, మరొకటి గడ్డి పలక దాటి వెనకున్న పత్తి చేలో పడేది. ఇంకొకటి రెండింటికీ మధ్యలో. సలోమి చేలోకి దిగి పత్తి మొక్కల మధ్య బాణాలు వెతుక్కుంటుంటే తోటి పిల్లలు "పత్తి తీతకు పోతున్నావేమే?" అని నవ్వేవాళ్ళు.

నాకు బుర్ర తిరిగిపోయింది. బాణం ఈకలు చూశాను, బాగానే ఉన్నాయి. నారి మార్చాను. బాణాల్ని అద్దం పలక మీద దొర్లించి వంపు ఉందేమో చూశాను. లేదు.

"గాలేమోనండి," అన్నాను సుధాకర్ గారితో.

"ఆకు కదలట్లేదు మేస్త్రీ గారూ."

"అయితే పిల్లకి కళ్ళజోడు కావాలేమో."

ఆయన నా వంక చూసి, ఏదో అనబోయి, ఈల ఊదుకుంటూ వెళ్ళిపోయారు. ఆ మనిషితో వచ్చిన చిక్కే అది. సగం మాట నోట్లోనే ఉండిపోయేది.

అప్పుడు సలోమినే అడిగాను. "ఏమ్మా, చేతిలో పట్టు వదులవుతోందా?"

"లేదండి. గట్టిగానే ఉందండి."

"బాణం వదిలేటప్పుడు జారుతోందా?"

"జారట్లేదండి. అసలు కదలదండి." ఆగింది. "మాస్టారూ... కొంచెం..."

"కొంచెం ఏంటి? చెప్పు!"

నా గొంతు మొదట్నుంచీ అంతే, మంచి మాటైనా కేక లాగే ఉంటుంది. ఆ పిల్ల తల వంచుకుని, "ఏం లేదండి," అంది. కొంచెం అంటే పట్టు ఇంకా కొంచెం కావాలని చెబుతోంది అనుకున్నాను. ఇంకేముంటుంది? విల్లు తీసుకుని గాళ్ళు ఇంకాస్త లోతు చేశాను. చిటికెనవేలి దగ్గర కదలకుండా చిన్న గట్టు కూడా కట్టాను. మర్నాడు బాణాలు ఇంకా ఎడమకు పోయాయి. నేను ఎంత బాగుచేస్తే అంత చెడిపోయే వస్తువును నా సర్వీసులో అదొక్కదాన్నే చూశాను.

పరీక్షకు కొద్దిరోజుల ముందు గుంటూరు స్టోర్సు నుంచి ఉక్కు కప్‌బోర్డులు తెచ్చే పని మీద నన్ను పంపారు. తిరిగొచ్చేసరికి పరీక్ష రోజు. మైదానంలోకి వెళ్ళి చూస్తే సలోమి చేతిలో అదే విల్లు. పిడి మీద నల్లగా సైకిలు ట్యూబు. ఆ పిల్ల వేళ్ళు ముందుకు వదులుగా వేలాడుతున్నాయి. మొదట్లో మట్టి దగ్గర పట్టుకున్నట్టే, పట్టీ పట్టనట్టు. ఈ పిల్లకు విల్లు జారి కాళ్ళ మీద పడుతుందని నాకు భయం వేసింది. పడకుండా మణికట్టుకూ విల్లుకూ కలిపి ఒక తాడు కట్టి ఉంది. బాణం వెళ్ళగానే విల్లు ముందుకు వాలుతోంది, తాడు ఆపుతోంది. ఇదేం విద్యో నాకు అర్థం కాలేదు. చేత్తో పట్టుకోవాల్సినదాన్ని తాడు కట్టి వేలాడదీయడమేమిటి?

బాణాలు మాత్రం మధ్యన దిగాయి. మార్కు దాటింది. హాస్టల్లో నిలిచింది.

అందరూ భోజనాలకు వెళ్ళాక ఆ విల్లు తీసుకుని ట్యూబు విప్పాను. వేలిగాళ్ళు కనిపించలేదు. లప్పంతో నింపి, పైన ఆకురాయి పట్టించారు. ఆకురాయి కూడా నాదే, నా షెడ్డులోదే. అరచేతి బోలుకని నేను పెట్టిన ఎత్తు కూడా లేదు. బొటనవేలి మొదలు ఆనేచోట మాత్రం నేను నున్నగా చేసింది చేసినట్టే వదిలేశారు. మిగతాదంతా బల్లపరుపు. పనివాడు చేసింది కాదు. ఎవరో వంటొచ్చనుకుని పిండి పిసికినట్టుంది.

సుధాకర్ గారి గదిలోకి వెళ్ళి విల్లు బల్ల మీద పెట్టాను.

"అమ్మాయి అడిగిందండి," అన్నారు ఆయన కాగితాల్లోంచి తలెత్తకుండా.

సలోమిని పిలిచి అడిగాను.

"సార్ చెయ్యమన్నారండి," అంది నేలచూపులు చూస్తూ.

"ఆయన నువ్వంటున్నాడు, నువ్వు ఆయనంటున్నావు. మధ్యలో నేనేమన్నా పిచ్చోణ్ణా? ఏం తప్పుందో చెబితే నేనే సరిచేసేవాణ్ణి కదా!"

సలోమికి కళ్ళనిండా నీళ్ళు. నేనేమన్నా కొట్టానా? పరీక్ష నెగ్గిన పిల్ల ఏడవడమేమిటో అదీ నాకు అర్థం కాలేదు.

ఆ ఆదివారం మరియమ్మ వచ్చింది. కొంగులో కట్టి తెచ్చిన కేకు ముక్క నా చేతిలో పెట్టింది. "మీ పిడి వల్లే నా బిడ్డ నిలబడింది అయ్యగారూ. బొబ్బ లేదు. ప్రార్థనలో మీ పేరు కూడా చెప్పుకున్నాం," అంది. అక్కడ నా పిడి లేదు. పూడ్చేశారు. ఆ సంగతి ఆవిడతో చెప్పాలా వద్దా? ఆవిడకు తెలిసి అంటోందా, తెలియక అంటోందా? కేకు తిని ఊరుకున్నాను.

ఆ తరవాత నేను పిడుల జోలికి పోలేదు. పిల్లలు అడిగితే, "మీ కోచ్ గారు లప్పం బాగా పెడతారు, వెళ్ళండి," అనేవాణ్ణి. కొన్నాళ్ళకు రిటైరయ్యాను. సన్మానంలో సుధాకర్ గారు నా పనితనం గురించి చాలా మాట్లాడారు. పిడి మాట ఎత్తలేదు.

నా ఉద్యోగమంతటిలో ఎన్నో బల్లలు, తలుపులు విరగ్గొట్టారు. అవేవీ నాకు గుర్తులేవు. ఇది గుర్తుంది. దీన్నుంచి నేను నేర్చుకున్నది ఒక్కటే. పని చేసినవాడి పని చెరిపేటప్పుడు వాడి ఎదుటే చెరపాలి, కారణం వాడి మొహం మీదే చెప్పాలి. ఇది ఏ సర్వీసు రూల్సులోనూ లేదు. ఉండాలి.

పోయిన ఏడాది మంగళగిరిలో ఒక ప్రైవేటు బడివాళ్ళు బెంచీల మరమ్మతుకు అంచనా వేయమని పిలిచారు. వేసిన మేకులు చూసి నాకు ఒళ్ళు మండి, అక్కడి కుర్ర వడ్రంగిని కేకలేస్తున్నాను. ఆటస్థలం వైపునుంచి, "ఈ గొంతు మా మాస్టారిదే!" అంటూ ఒకామె పరుగెత్తుకొచ్చింది. మెడలో ఈల. సలోమి. ఆ బడిలో పిల్లలకు విలువిద్య నేర్పుతోంది. పెళ్ళయిందట, తల్లి తన దగ్గరే ఉందట. కుర్చీ వేయించింది, టీ తెప్పించింది. నేను టీ ముట్టకుండానే అడిగాను. ఇన్నేళ్ళూ మోసుకు తిరిగిన ప్రశ్న, ఇక దాచేదేముంది?

ఆమె నవ్వి, ఈల మెడలోంచి తీసి చేతిలో పెట్టుకుని చెప్పింది:

"మీ పిడి పట్టుకుంటే చెయ్యి వదలబుద్ధయ్యేది కాదండి మాస్టారూ. అంత బాగుండేది. విల్లుని పట్టుకోకూడదండి, అరచెయ్యి ఆనించి నెట్టాలంతే. పిడికిలి బిగించామా, బాణం వెళ్ళేటప్పుడు విల్లు మెలిక పడిద్ది. మీరు గాళ్ళు లోతు చేసేకొద్దీ నేను ఇంకా బిగించేదాన్ని. ఆ మాట మీతో అనమని సార్‌ని బతిమాలానండి. ఆయనేమో, 'నాకు భయమమ్మా, నువ్వే చెప్పు' అన్నారు."