మలుపు దగ్గర పాల క్యాన్ చప్పుడు

సాయంత్రం ఆరుంపావుకు మా గల్లీలో కరెంటు పోయింది. యాకుత్‌పురాలో అది వింతేమీ కాదు. దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. అన్న పోయాక కూడా నమ్మలేదు.

అన్న బండి మీద ఇంటింటికీ పాలు పోసేవాడు. గల్లీ చివరి మలుపులో ఎదురొచ్చేది కనపడదు. నిండు క్యాన్లతో ఉన్న బండిని ఒక్కసారిగా ఆపలేరు. అందుకే మలుపుకు ముందే కొలత గిన్నెతో క్యాన్‌ను రెండుసార్లు, కాస్త ఆగి ఒకసారి కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే పిల్లలు గోడకు ఆనుకోవాలి. అది ఆయన నేర్పిందే.

ఆయన పోయిన ఎనిమిది నెలలకు, దయ్యాల వేషాలు వేసే హాలోవీన్ పండుగ వచ్చింది. స్కూల్లో విని వచ్చిన పిల్లలు మాస్కులు పెట్టుకుని, ఇంటింటికీ వెళ్లి చాక్లెట్లు అడుగుతామన్నారు. మొత్తం ఐదుగురు. అన్న కూతురు శ్రావ్యకు ఆరేళ్లు. నల్ల గౌను వేసుకుంది. వాళ్ల వెంట పెద్దవాణ్ణి నేనొక్కణ్ణే.

"పిల్ల చేయి ఇడ్వకు తమ్మీ," అంది వదిన.

మూడో ఇంటి ముసలామె తలుపు తీసి చూసింది. "దయ్యాలు గూడ చాక్లెట్లు తింటున్నయా? పండ్లు పుచ్చిపోతయి బిడ్డా," అంది. పిల్లలు నవ్వుతుండగానే కరెంటు పోయి చీకటైంది. ఫోన్‌లో లైటు వేయడానికి శ్రావ్య చేయి వదిలాను.

అంతలోనే అందరూ మలుపు వైపు పరుగెత్తారు. అటు నుంచి నీళ్ల ట్యాంకర్ ఒకటి లైట్లు లేకుండా వెనక్కి వస్తోంది. అరిచాను. ఇంజను మోతలో నా గొంతు నాకే వినపడలేదు.

క్యాన్ చప్పుడు మాత్రం స్పష్టంగా వినపడింది. రెండుసార్లు. ఆగి, ఒకసారి.

ఐదుగురూ గోడకు ఆనుకున్నారు. ట్యాంకర్ వాళ్ల ముందు నుంచి జానెడు దూరంలో వెళ్లి ఆగింది. శ్రావ్య మాస్కు పక్కకు జారి రెండు కళ్లనూ కప్పేసింది. తనకు ట్యాంకర్ కనపడే వీలే లేదు.

డ్రైవర్ దిగి, "దూద్‌వాలా కిధర్ గయా భాయ్?" అని అడిగాడు. పాలవాడి కోసం నేనూ వెతికాను. మలుపుకు ఇటూ అటూ ఏ బండీ లేదు.

"బాపు క్యాన్ కొట్టిండు గద. గోడకు నిలబడ్డ," అంది శ్రావ్య.

అన్న క్యాన్లు, కొలత గిన్నె పదకొండో రోజునే కార్వాన్‌లో ఒక పాల వ్యాపారికి ఇచ్చేశాం. ఇంటికి రాగానే ఆయనకు ఫోన్ చేశాను. క్యాన్లను మధ్యాహ్నమే కడిగి బోర్లించానని చెప్పాడు. మా గల్లీలో ఇప్పుడు అందరూ ప్యాకెట్ పాలే కొంటున్నారు.

చేయి వదిలానని వదినకు చెప్పాను. ఆమె చాలాసేపు పిల్ల కాళ్లు కడుగుతూ కూర్చుంది.

ఆ చప్పుడు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. మా గల్లీ పిల్లలు ఇప్పుడు హాలోవీన్ రోజున ఇంటింటికీ తిరగడం లేదు.