నాకూ అదే ఉండాది

మీకు ఏ జబ్బున్నా సరే, మా చిక్కమ్మకు, అంటే పిన్నికి, అది ముందే ఉంటుంది. పక్కింటి రియాజ్ కాలు విరగ్గొట్టుకుంటే, అతనికి కట్టు విప్పేదాకా ఈవిడ కుంటింది. పై అంతస్తు దివ్యకు వేవిళ్లు పడితే, అరవై దాటిన చిక్కమ్మ పచ్చి మామిడికాయ కొరుకుతూ, "నాకూ వికారంగా ఉండాదప్పా" అంది. కె.ఆర్.పురంలో మా వీధి వీధంతా నవ్వినా ఆవిడకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

అమ్మ పోయాక నన్నూ చెల్లెలు శ్రీజనూ పెంచింది ఈ చిక్కమ్మే. శ్రీజ ఐటీ ఉద్యోగంలో ఏ పనీ వేళకు ముగించలేకపోయేది. ఇలాగైతే కష్టమని మేనేజర్ తేల్చేశాడు. "నేను వట్టి సోమరిదాన్నన్నా, రాజీనామా చేసేస్తా" అని ఇంటికొచ్చి ఏడ్చింది. ధ్యాస నిలవని ఇబ్బంది, అదే ఏడీహెచ్‌డీ, ఉందేమో చూపించుకోమని స్నేహితురాలు చెప్పింది. అపాయింట్‌మెంట్ తీసుకుంటే, ఆ రోజు వెళ్లడమే మరిచిపోయింది మహాతల్లి! మళ్లీ తీసుకున్నాం. చిన్నప్పటి సంగతులు తెలిసినవాళ్లు వెంట రావాలన్నారు. ఇంకెవరు, చిక్కమ్మే.

సర్జాపుర రోడ్డులో క్లినిక్. "ఇది రక్తపరీక్షలోనో స్కానింగులోనో తేలేది కాదండీ" అంది డాక్టర్ కాత్యాయని. "చిన్నప్పట్నుంచీ ఇంట్లో, స్కూల్లో, ఇప్పుడు ఆఫీసులో ఎలా ఉందో వినాలి. నిద్రలేమి, దిగులు, థైరాయిడ్ వల్ల కాదని కూడా చూసుకోవాలి."

"థైరాయిడ్ నాకుండాది!" అంది చిక్కమ్మ.

"ఎప్పట్నుంచమ్మా?"

"ఇప్పుడే, నువ్వు చెప్తాంటే మొదలైంది."

శ్రీజ మాత్రం తలెత్తకుండా చున్నీ కొస నలుపుతూ కూర్చుంది.

"ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ధ్యాస ఎటో పోతుందా?"

"పోతాది. నాకైతే పూజలో కూడా పోతాది."

"మీ సంగతి కాదమ్మా! శ్రీజ చిన్నప్పుడు ఎలా ఉండేది?"

అప్పుడు చూడాలి చిక్కమ్మను! "మూడో తరగతిలో కరివేపాకు తెమ్మని పంపితే, దర్జీ అంగడిలో మిషను చూస్తా కూర్చునింది. పొద్దుగూకినాక నేనే పోయి పిల్చుకొని వస్తిని. హోంవర్కు రాసేది, ఇంట్లోనే పెట్టి పోయేది. నీళ్ల బాటిలు బస్సులో, స్వెట్టరు ఆటోలో. తెలివుండాది, బుద్ధి నిలవదని టీచరమ్మ అంటా ఉండె. కావాలని ఒక్కటీ చేయలేదు తల్లీ నా బిడ్డ. ఏడ్చేది, మళ్లీ మర్చిపోయేది."

శ్రీజ మొదటిసారి తలెత్తి చిక్కమ్మ వైపు చూసింది.

డాక్టర్ ఏవో ప్రశ్నపత్రాలు నింపించింది, నన్నూ విడిగా అడిగింది, థైరాయిడ్ పరీక్షకు రాసింది (శ్రీజకే). రెండోసారి వెళ్లినప్పుడు తేల్చి చెప్పింది: "నీకు ఏడీహెచ్‌డీ ఉంది శ్రీజా. సోమరితనం కాదు. మందులున్నాయి, నేర్చుకోడానికి పద్ధతులున్నాయి. ఉద్యోగం మానక్కర్లేదు."

శ్రీజ బావురుమంది. ఎన్నేళ్ల బరువో పాపం.

"మరి నాకు?" అంది చిక్కమ్మ.

"మీకు లేదమ్మా. అన్నేళ్ల నాటి సంగతులు పొల్లు పోకుండా చెప్పారు."

"ఇంకోసారి సరిగ్గా చూడు తల్లీ!" అని బతిమాలింది. నేను నవ్వాపుకోలేక బయటికొచ్చేశాను.

కింద కారెక్కబోతూ శ్రీజ టక్కున ఆగింది. మందుల చీటీ పైనే మరిచిపోయింది. "చూశావా, నేనింతే" అంటూ మొహం చిన్నబుచ్చుకుంది.

చిక్కమ్మ గబుక్కున తన కళ్లద్దాలు తీసి, శ్రీజకు కనబడకుండా నా జేబులో కుక్కింది.

"అయ్యో, నేనూ కళ్లద్దాలు ఆడనే పెట్టి వస్తిని! పద తల్లీ, ఇద్దరమూ పోదాం."

అప్పటిదాకా ఎంత నవ్వానో, చిక్కమ్మ అప్పుడంత ముద్దొచ్చింది. శ్రీజ పకపకా నవ్వి చెయ్యందించింది. కళ్లద్దాలు లేక చిక్కమ్మ మొదటి మెట్టు దగ్గరే తడబడితే, "చూసి నడువు చిక్కమ్మా" అంటూ జాగ్రత్తగా పట్టుకుంది.